చివర వచ్చినవానికీ అదే కూలి అయితే, నీతిగా బ్రతకడం దేనికి?

ప్రశ్న: నేను విశ్వాసుల కుటుంబంలో పుట్టి పెరిగాను. బుద్ధి తెలిసినప్పటి నుండి ఆరాధన మానలేదు, దశమభాగం తప్పలేదు, మంచాన పడిన నాన్నకు చివరి రోజు వరకు సేవ చేశాను. నా తమ్ముడు చిన్న వయసులోనే తాగుడుకు, జూదానికి అలవాటుపడి, ఇంట్లోని డబ్బు ఎత్తుకుపోయాడు. నాన్న చనిపోయినప్పుడు కూడా రాలేదు. ఇప్పుడు మారుమనస్సు పొందానంటూ తిరిగి వచ్చాడు. అమ్మ ఆనందానికి హద్దు లేదు. సంఘంలో అతనిచేత సాక్ష్యం చెప్పించారు. అందరూ కన్నీళ్లు పెట్టుకుంటుంటే నాకు మాత్రం లోపల మండిపోయింది. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్ద కుమారుడు అడిగినదానిలో తప్పేమిటో నాకు తోచడం లేదు. ద్రాక్షతోట కూలివారి ఉపమానమైతే మరీ అన్యాయంగా ఉంది. విశ్వాసం ఒక్కటే చాలునా, క్రియలకు విలువ లేదా? ఇన్నేళ్లు నీతిగా బ్రతికి నేను పొందిందేమిటి? తమ్ముడు వ్యాపారానికి డబ్బు కూడా అడుగుతున్నాడు. క్షమించడమంటే నమ్మి ఇవ్వడమేనా? — ఒక సోదరి

జవాబు: ప్రియమైన సోదరీ, మీలోని ఆ మంటను చూసి మీ విశ్వాసం చెడిపోయిందని భయపడకండి. మీరు అడిగిన ప్రశ్నను యేసు ప్రభువు తన ఉపమానాల్లోని మనుష్యుల నోటనే పలికించాడు. పెద్ద కుమారుని ఫిర్యాదును, ఉదయం నుండి ఎండలో పనిచేసిన కూలివారి సణుగుడును సువార్తలు మాట మింగకుండా పూర్తిగా వ్రాసిపెట్టాయి. కాబట్టి మీరు దేవుని ఎదుట ఈ ప్రశ్న అడగడంలో అపరాధమేమీ లేదు. తండ్రికి మీరు చేసిన సేవ చిన్నది కాదు. దాన్ని చిన్నదిగా చేసి మిమ్మల్ని ఓదార్చాలని నేను చూడను.

ముందుగా, తన పాలు తీసుకుపోయి దూరదేశంలో పాడుచేసుకొని తిరిగివచ్చిన చిన్న కుమారునికి తండ్రి విందు చేయగా పెద్దవాడు కోపించిన ఆ తప్పిపోయిన కుమారుని కథను ప్రభువు ఎవరితో చెప్పాడో గమనించండి. లూకా సువార్త 15వ అధ్యాయం మొదట్లోనే సుంకరులు (పన్ను వసూలు చేసేవారు), పాపులు ఆయన మాట వినడానికి దగ్గరకు రావడం, పరిసయ్యులు, శాస్త్రులు (ధర్మశాస్త్రం బోధించేవారు) అది చూసి సణగడం కనిపిస్తాయి. ఆ సణుగుడుకు జవాబుగానే నూరు గొర్రెలలో తప్పిపోయిన ఒకటి, పది నాణేలలో పోయిన ఒకటి, ఇద్దరు కుమారులలో దూరమైన ఒకడు అనే మూడు కథలు వచ్చాయి. ‘పరిసయ్యుడు’ అనే మాటను మనం తిట్టుగా మార్చివేసుకున్నాము గాని, ఆ కాలంలో వారు వాక్యం నేర్చుకున్నవారు, ఉపవాసం ఉండేవారు, దశమభాగం తప్పనివారు, ఊరిలో గౌరవం పొందినవారు. అంటే ఈ కథ ఇల్లు విడిచిపోయినవారిని పిలవడానికి ఎంతగా చెప్పబడిందో, ఇంట్లోనే ఉండి నమ్మకంగా పనిచేసిన వారితో మాట్లాడడానికి కూడా అంతగానే చెప్పబడింది. మీరు ఈ ఉపమానాన్ని చదువుతూ పెద్ద కుమారుని పక్కన నిలబడ్డారంటే, దాన్ని తప్పుగా చదివినట్టు కాదు. ప్రభువు ఎవరివైపు చూసి మాట్లాడాడో సరిగ్గా అక్కడే నిలబడ్డారు.

ఇప్పుడు ఆ పెద్ద కుమారుని మాటలు నెమ్మదిగా వినండి. అతడు పొలం నుండి వస్తూ వాద్యాల చప్పుడు విని, సంగతేమిటని ఒక పనివాణ్ణి అడిగి, కోపించి లోపలికి వెళ్లనన్నాడు. ఇన్నేళ్లుగా నిన్ను సేవిస్తున్నాను, నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు, అయినా స్నేహితులతో సంతోషించడానికి ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదు అని తండ్రితో అన్నాడు. ఇవి కూలికి కుదిరినవాడు యజమానితో లెక్క తేల్చుకునేటప్పుడు పలికే మాటలు. కాని కథ మొదట్లో ఏం జరిగిందో మనం మరచిపోతాము. చిన్నవాడు తన పాలు అడిగినప్పుడు తండ్రి తన ఆస్తిని ఇద్దరికీ పంచిపెట్టాడు. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం ప్రకారం జ్యేష్ఠునికి రెట్టింపు భాగం రావాలి. ఇద్దరే కుమారులు గనుక మూడు భాగాలలో రెండు పెద్దవానివే. తనకు దక్కలేదని అతడు బాధపడుతున్న మేకపిల్ల ఒక్కటి కాదు, ఆ మంద అంతా అతనికి చెందవలసినదే. ఇన్నేళ్లలో అతడు ఒక్కసారైనా అడిగినట్టు కథలో లేదు. తండ్రి ఇంట్లో ఉంటూనే కూలివానిలాగా బ్రతికాడు; ఆ కూలి ముట్టలేదని తమ్ముడు వచ్చిన రోజున బయటపెట్టాడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. చిన్నవాడు దుర్వ్యాపారం, అంటే చెడు నడత వలన ఆస్తి పాడుచేశాడని మాత్రమే ప్రభువు చెప్పాడు. వేశ్యల మాట ఎత్తినవాడు పెద్ద కుమారుడే, అది కూడా తమ్ముణ్ణి కలుసుకోక ముందే. గాయపడిన మనసు తెలిసిన తప్పుకు తెలియని తప్పును కూడా చేర్చుకుంటుంది. మీ తమ్ముడు చేసినవి మీరు కళ్లారా చూసినవే, వాటిని తగ్గించి చెప్పనక్కరలేదు. కాని రాత్రిపూట వాటిని తలచుకుంటున్నప్పుడు, మీకు నిజంగా తెలిసినదేదో, మీ బాధ ఊహించుకున్నదేదో వేరుచేసి చూసుకోండి.

అయితే ఆ తండ్రి పెద్దవాణ్ణి ఎలా చూశాడు? చిన్నవానికి ఎదురు పరుగెత్తిన తండ్రే పెద్దవాని కోసం కూడా విందు విడిచి బయటకు వచ్చి బ్రతిమాలుకున్నాడు. నీవు పనిచేయలేదనలేదు, నీ విధేయత వట్టిదనలేదు. నీవు ఎల్లప్పుడు నాతో ఉన్నావు, నావన్నీ నీవే అన్నాడు. ఇన్నేళ్లు నీతిగా బ్రతికి పొందిందేమిటి అని మీరు అడిగారు. ఈ ఒక్క వాక్యమే దానికి జవాబు. నాకు అంతకంటే మంచి జవాబు తెలియదు. మీరు పొందినది ఆ తండ్రి దగ్గర గడిపిన కాలమే.

ఇది మాటలతో సరిపెట్టే ఓదార్పుగా తోస్తే, మీ తమ్ముని సంవత్సరాలను ఒకసారి తలచుకోండి. దూరదేశం పోయినవాడు అక్కడ సుఖపడ్డాడని, ఇంట్లో ఉన్నవాడు కష్టపడ్డాడని, ఆ కష్టానికి పరిహారం చివర కూలిగా రావాలని పెద్ద కుమారుని లెక్క. కాని కథలో ఆ దూరదేశంలో మిగిలినవి కరవు, పందుల దొడ్డి, ఎవరూ ఏమీ పెట్టని ఆకలి. తాగుడు మనిషిని ఏం చేస్తుందో దగ్గర నుండి చూసిన మీకు ఈ సంగతి నాకంటె బాగా తెలుసు. అతడు అనుభవించి, మీరు పోగొట్టుకున్న సుఖం ఏదీ లేదు. మీరు నాన్న మంచం పక్కన ఉన్నారు. అతడు లేడు, ఇక ఎన్నటికీ ఉండలేడు. ఏ విందూ దాన్ని అతనికి తిరిగి ఇవ్వలేదు. మనలో చాలామంది విశ్వాసులు పాపమే సుఖమని, నీతి ఒక బరువని లోలోపల నమ్ముతూ, బయటకు మాత్రం వేరుగా పాడుతుంటాము. ఉపమానాలు సరిగ్గా ఆ రహస్య నమ్మకం మీదికే వస్తాయి.

ద్రాక్షతోట కూలివారి విషయంలో కూడా ఇంతే. మత్తయి 20వ అధ్యాయంలోని ఈ కథకు 19వ అధ్యాయం చివర శిష్యుడైన పేతురు అడిగిన ప్రశ్నే నాంది: మేము అన్నీ విడిచిపెట్టి నిన్ను వెంబడించాము గదా, మాకేమి దొరుకుతుంది? యజమాని తెల్లవారగానే వెళ్లి రోజుకు ఒక దేనారమని ఒప్పుకొని కొందరిని పిలిచాడు. తరువాత తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి, చివరకు సాయంకాలం అయిదింటికి కూడా వెళ్లి సంతవీధిలో ఊరికే నిలిచివున్నవారిని పంపాడు. ఆ కాలంలో దేనారమంటే ఒక రోజు కూలి. కూలివాడు బీదవాడు గనుక సూర్యుడు అస్తమించక ముందే కూలి ఇచ్చివేయాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. ఆ పూట డబ్బు రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. గంటల లెక్కన చూస్తే చివర వచ్చినవానికి దేనారంలో పన్నెండో వంతు దక్కుతుంది. దానితో అతని పిల్లల కడుపు నిండదు. యజమాని చూసినది ఆ ఆకలిని; చివర వచ్చినవానికి కూడా పూర్తి దేనారం ఇచ్చాడు. ఎందుకు నిలిచివున్నారని అడిగితే, మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదని వారు చెప్పారు. పొద్దుటి నుండి ఎవరికీ అక్కరలేనివారై నిలబడడం విశ్రాంతి కాదని, పని దొరకని రోజును ఎరిగిన ఎవరైనా చెబుతారు.

ఈ కథలో నన్ను ఎప్పుడూ ఆపివేసేది కూలి ఇచ్చిన వరస. చివర వచ్చినవారికి మొదట ఇవ్వమన్నాడు. ముందు వచ్చినవారికి ముందు ఇచ్చి పంపివేస్తే వారు ఒప్పుకున్న దేనారం తీసుకొని సంతోషంగా ఇంటికి వెళ్లిపోయేవారు. సణుగుడే ఉండేది కాదు. వారికి తగ్గినది ఏమీ లేదు, పక్కవానికి వచ్చినది చూసిన తరువాతనే చేతిలోని దేనారం చిన్నదైపోయింది. యజమాని వారు చూడాలనే అలా చేశాడు. తన మంచితనాన్ని చూసి వారు సంతోషించగలరా లేదా అనే ప్రశ్నను వారి ముందు పెట్టాడు. పేతురుకు కావలసిన జవాబు కూడా అదే. మరొక మాట: సాయంకాలం వచ్చినవారు ఉదయం పిలుపును నిరాకరించి, సాయంత్రం తీరిగ్గా వచ్చినవారు కారు. పిలుపు అందగానే కదిలినవారు. కాబట్టి మారుమనస్సును ముసలితనానికి వాయిదా వేసుకోవచ్చని ఎవరైనా ఈ ఉపమానంతో వాదిస్తే, వారు దీన్ని సగమే చదివారు.

ఇక విశ్వాసమా, క్రియలా అనే ప్రశ్న. ఒక్క ఉపమానాన్ని పట్టుకొని సిద్ధాంతమంతా అందులో వెదకడం వలన ఈ చిక్కు వస్తుంది. కొండమీది ప్రసంగం చివర ఉన్న ఇద్దరు ఇల్లు కట్టేవారూ ప్రభువు మాట విన్నవారే; విని చేసినవాడు బండ మీద కట్టాడు, విని చేయనివాడు ఇసుక మీద కట్టాడు. మత్తయి 21వ అధ్యాయంలో పోనని చెప్పి తరువాత మనసు మార్చుకొని తోటకు వెళ్లిన కుమారుడే తండ్రి ఇష్టం చేశాడు; వెళ్తానని మర్యాదగా చెప్పి వెళ్లనివాడు చేయలేదు. క్రియలకు విలువ లేదని చెప్పడానికి ఈ కథల్లో ఎక్కడా చోటు లేదు.

కాని 25వ అధ్యాయంలో, అంత్యతీర్పులో ప్రభువు గొర్రెలను, మేకలను వేరుచేసినట్టు మనుష్యులను వేరుచేసే సన్నివేశాన్ని శ్రద్ధగా చదవండి. ఆకలిగొన్నవారికి ఆహారం, దప్పిగొన్నవారికి నీరు, పరదేశికి ఆశ్రయం, దిగంబరికి బట్ట, రోగికి పరామర్శ, చెరసాలలో ఉన్నవానికి దర్శనం: తీర్పు వీటి మీదనే జరిగింది. అయితే కుడివైపు నిలిచిన నీతిమంతులు, ప్రభువా, మేము ఎప్పుడు నీకు ఇవన్నీ చేశాము అని ఆశ్చర్యపోయారు. వారు చేసినది వారికే గుర్తు లేదు, ఎందుకంటే వారు దాన్ని ఎక్కడా జమ వేసుకోలేదు. దీనికి పక్కన లూకా 18వ అధ్యాయంలోని పరిసయ్యుని ప్రార్థనను ఉంచి చూడండి. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో దశమభాగం. అతడు చెప్పినదానిలో అబద్ధం ఉన్నదని ప్రభువు అనలేదు. కాని అతని ప్రార్థన నిలబడడానికి పక్కన ఒక సుంకరి కావలసివచ్చింది. ఆ సుంకరి ఇతనికంటే నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు.

ఈ కథలన్నిటినీ కలిపి చదివినప్పుడు నాకు అర్థమైనది ఇది: ప్రభువు ప్రశ్నించేది మన క్రియలను కాదు, వాటిని పెట్టుకొని మనం వ్రాసుకునే ఖాతాను. విశ్వాసమంటే ఆ ఖాతాను తండ్రి చేతికి అప్పగించి, ఆయన మంచితనాన్ని నమ్మి పనిచేయడం. అలా నమ్మినవాడు పని మానడు. మార్కు సువార్తలో మాత్రమే ఉన్న ఒక చిన్న ఉపమానంలో రైతు విత్తనం చల్లి, రాత్రి పడుకొని పగలు లేస్తుండగా, అది ఎలా మొలిచిందో అతనికే తెలియకుండా మొదట మొలక, తరువాత వెన్ను, ఆ తరువాత వెన్నులో ముదురు గింజలు వస్తాయి. ఫలం తప్పక వస్తుంది. గింజలు లెక్కపెట్టుకుంటూ రాత్రంతా మేలుకొని కూర్చోవడం మాత్రం రైతు పని కాదు.

మీరు ఇన్నేళ్లు చేసినవి అలాంటి ఫలాలే. నాన్నకు ఒళ్లు తుడిచేటప్పుడు మీరు కూలి గురించి ఆలోచించి ఉండరని నా నమ్మకం. ఆ ఖాతా తమ్ముడు వచ్చిన తరువాతనే తెరుచుకుంది.

క్షమాపణ గురించి మాట్లాడేటప్పుడు మత్తయి 18వ అధ్యాయంలోని లెక్కలను కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ ఉపమానంతో చాలామంది గాయపడినవారి నోరు మూయిస్తుంటారు. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు గనుక, ఆ అప్పు ఆరు కోట్ల రోజుల కూలి. ఒక మనిషి ప్రతిరోజూ పనిచేసినా తీర్చడానికి లక్షన్నర సంవత్సరాలకు పైగా పడుతుంది. రాజు దాన్ని క్షమించాడు. బయటకు వచ్చి ఆ దాసుడు తోటి దాసుని గొంతు పట్టుకున్నది నూరు దేనారాల కోసం. ఆ నూరు దేనారాలు స్వల్పమని చాలా ప్రసంగాలలో వింటాము. కాని అది మూడు నెలలకు పైబడిన కూలి. బీదవానికి అది నిజమైన నష్టమే. ప్రభువు ఆ అప్పును సున్నాగా చూపించలేదు. మీకు జరిగిన అన్యాయం కూడా నిజమైనదే, దానికి లెక్క ఉంది. ఏమీ జరగలేదన్నట్టు నటించమని ఈ ఉపమానం మిమ్మల్ని అడగడం లేదు. తనకు దొరికిన క్షమాపణను వెంటనే మరచి, తోటివాని గొంతు పట్టుకోవద్దని మాత్రమే అడుగుతోంది. కాబట్టి నాన్న చివరి రోజులు ఎలా గడిచాయో, ఆయన ఎవరి పేరు పిలిచారో, మీరు ఒంటరిగా ఎలా మోసుకొచ్చారో మీ తమ్మునితో ఒకసారి కూర్చొని పూర్తిగా చెప్పండి. అతడు వినవలసిన మాటలవి. మారుమనస్సు నిజమైనదైతే వాటిని విని తట్టుకోగలడు, విని ఏడవగలడు. అమ్మతో కూడా, మీ సేవను ఎవరూ తలచుకోలేదని బాధగా ఉందని అడ్డదారిలో కాక నేరుగా చెప్పండి.

సంఘం తిరిగివచ్చినవాణ్ణి వెంటనే సాక్ష్యానికి నిలబెట్టడం నాకు మంచి అలవాటుగా తోచదు. విత్తువాని ఉపమానంలో రాతినేల మీద పడిన విత్తనం వెంటనే మొలిచింది, కాని వేరు లేక ఎండ రాగానే మాడిపోయింది. చప్పట్ల మధ్య కంటె నిశ్శబ్దంలోనే వేరు బాగా దిగుతుంది. ఈ మాట మీ సంఘ కాపరితో, మీ కోపం కాస్త చల్లారిన తరువాత, తమ్ముని మేలు కోరి చెప్పండి.

చివరిగా డబ్బు సంగతి. తండ్రి తిరిగివచ్చిన కుమారునికి ప్రశస్తమైన వస్త్రం కట్టాడు, ఉంగరం పెట్టాడు, చెప్పులు తొడిగాడు, విందు చేశాడు. ఆస్తిని మళ్లీ పంచినట్టు మాత్రం కథలో లేదు. పెద్దవానితో నావన్నీ నీవే అన్నాడు. ఇంట్లోకి చేర్చుకోవడం, మూలధనం చేతికివ్వడం వేరువేరు సంగతులు. మొదటిది మీరు ఈ రోజే చేయవచ్చు, చేయాలి. రెండవదానికి కాలం కావాలి. మిక్కిలి కొంచెములో నమ్మకంగా ఉన్నవాడు ఎక్కువలో కూడా నమ్మకంగా ఉంటాడని ప్రభువే లూకా 16వ అధ్యాయంలో చెప్పాడు. కొంచెమేదీ అప్పగించకుండానే ఎక్కువ అప్పగించడం ప్రేమ అనిపించుకోదు. జూదం అలవాటున్నవాని విషయంలో అది అతణ్ణి మళ్లీ గోతిలోకి తోయడమే కావచ్చు.

లూకా 13వ అధ్యాయంలో మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయమని యజమాని చెప్పాడు. తోటమాలి ఇంకొక్క సంవత్సరం గడువు అడిగాడు, ఊరికే కాదు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. అలా అడిగేటప్పుడు ఫలం అక్కరలేదని అతడు అనలేదు. మీరు తమ్మునికి ఇవ్వగలిగినది అటువంటి గడువే. అమ్మ ఎదుట అతనితో స్పష్టంగా చెప్పండి: వ్యాపారానికి ఇప్పుడు డబ్బు ఇవ్వను. భోజనానికి, బట్టలకు, అలవాటు మానడానికి కావలసిన వైద్యానికి లోటు రానివ్వను. ఆ ఖర్చు నేనే నేరుగా కడతాను. నీవు ఏదో ఒక పనిలో చేరి, ఇంటి నుండి తీసుకుపోయినదానిలో ప్రతి నెలా ఎంతో కొంత అమ్మ చేతిలో పెట్టు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని ప్రభువుతో అన్న సుంకరి జక్కయ్యను మీ తమ్ముడు తప్పక ఎరిగివుంటాడు, అతని పేరు చెప్పినా చాలు. డబ్బు లేదని అబద్ధం చెప్పకండి, మందలించే గొంతుతోనూ చెప్పకండి. ఒక సంవత్సరం తరువాత ఫలం కనబడితే వ్యాపారం మాట అప్పుడు ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవచ్చు. కనబడకపోతే మరికొంత కాలం ఆగవచ్చు. ఆ లోపల ఎవరైనా మిమ్మల్ని, క్షమించినదానివి ఇవ్వడానికి ఎందుకు వెనుకాడుతున్నావని అడిగితే, క్షమించాను గనుకనే ఇవ్వడం లేదని నిదానంగా చెప్పండి.